దుడ్లు పోతే దాచిపెట్టొద్దు, 1930కి చెప్పండి

మిల్లు వదిలేటప్పుడు చేతికొచ్చిన పీఎఫ్, గ్రాట్యుటీ. మన ఇండ్లల్లో చానామందికి ఆస్తి అంటే అదే. ముప్పై ఏండ్లు దూదిపొట్టు పీల్చి సంపాదించింది. పీలమేడులో అయినా, మధుర హార్వీపట్టిలో అయినా కథ ఒకటే. ఇప్పుడు ఆ దుడ్లు బ్యాంకులో ఉండాయి, బ్యాంకేమో ఫోనులో ఉంది. దొంగ మన వాకిలి తొక్కాల్సిన పనే లేదు.

ఓటీపీ చెప్పొద్దు, లింకు నొక్కొద్దు అని టీవీలో రోజూ చెప్తానే ఉన్నారు. మంచిదే. పోయినాక ఏం చేయాలో మాత్రం మనవాళ్లకు తెలీదు. అందుకే ఇది రాస్తున్నాను.

మా వీధిలో ఒకాయన వైండింగులో పనిచేసి రిటైరైనాడు. పోయినేడు ఒకరోజు పొద్దున పదింటికి ఫోను వచ్చింది. "మీ ఖాతా కేవైసీ ఈరోజుతో ముగుస్తుంది" అని మంచి తమిళంలో, మర్యాదగా చెప్పినారంట. వాళ్లు పంపిన ఆప్ వేసుకున్నాడు. పది నిమిషాల్లో 48 వేలు పోయినాయి. కోడలికి తెలిస్తే ఏమంటుందో అని ఎవురికీ చెప్పకుండా గమ్మున కూర్చున్నాడు. మూడు గంటలకు ఇంకో 20 వేలు పోయినాయి. సాయంత్రం టీ అంగడి దగ్గర నాతో చెప్పేటప్పటికి మొగం పీక్కుపోయి ఉంది.

అక్కడే నిలబడి 1930కి ఫోను చేయించినాను. ఇది దేశమంతటికీ ఒకటే నంబరు, పోలీసులది. తమిళంలోనే చెప్పుకోవచ్చు. ఏ బ్యాంకు, ఖాతా నంబరు, ఎంత పోయింది, ఎన్ని గంటలకు, మెసేజిలో వచ్చిన లావాదేవీ నంబరు ఏమిటి అని అడుగుతారు. అవి చేతిలో పెట్టుకుని ఫోను చేయండి. వాళ్లు వెంటనే కంప్యూటరులో ఆ బ్యాంకుకు తెలియజేస్తారు. దుడ్లు ఇంకా దొంగ ఖాతాలోనే ఉంటే అక్కడ నిలిపేస్తారు. వేరే బ్యాంకుకు దాటిపోయుంటే ఆ బ్యాంకుకు చెప్తారు. ఏటీఎంలో తీసేసినాడంటే ఇంక నిలిపేదానికి ఏమీ ఉండదు. రింగ్‌ఫ్రేములో పోగు తెగిన వెంటనే అతకాల, షిఫ్టు అయినాక చూస్తామంటే అయ్యేనా? ఫోను చేసినాక ఒక నంబరు ఇస్తారు. దాన్ని పెట్టుకుని 24 గంటల లోపల సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో పూర్తి ఫిర్యాదు రాయాల. చదువుకున్న పిల్లలు ఇంట్లో ఉంటే వాళ్ల చేత రాయించండి.

ఆయనకు ఒక ఖాతాలో 11 వేలు మాత్రం నిలిచినాయి. అవి తిరిగొచ్చేదానికీ నెలలు పట్టింది.

1930తో పని అయిపోలేదు, బ్యాంకుకు కూడా చెప్పాల. ఏటీఎం కార్డు వెనకాల ఉండే నంబరుకే చేయండి. ఫోనులో వెతికితే దొంగల నంబర్లు కూడా దొరుకుతాయి. మరుసటి రోజు ఆయనతో కూడా బ్యాంకుకు పోయినాను. "మీరే ఇచ్చుకుంటిరి, మేమేం చేసేది?" అన్నాడు అక్కడి గుమాస్తా. సగమే న్యాయం అది. రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఒక ఉత్తరువు ఇచ్చింది. మన తప్పు లేకుండా, బ్యాంకు తప్పూ లేకుండా వేరేవాడు తీసుంటే, మెసేజి వచ్చిన మూడు పనిదినాల లోపల చెప్తే మనకు నష్టం ఉండకూడదు. మనమే ఓటీపీ చెప్పుంటే, బ్యాంకుకు తెలియజేసే వరకు పోయింది మనది. తెలియజేసినాక పోయింది బ్యాంకుదే. అంటే ఆయన పదకొండింటికే బ్యాంకుకు చెప్పుంటే, మూడు గంటలకు పోయిన ఆ 20 వేలు బ్యాంకు కట్టాల్సింది. సిగ్గుకు అయిన ఖర్చు అది.

అందుకే నోటితో చెప్పి రావొద్దు. కాగితం రెండు కాపీలు రాసి, ఒకదానిమీద సీలు, తేదీ, టైము వేయించుకోండి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిలేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు. ఖర్చు లేదు. 14448కి చేస్తే దారి చెప్తారు.

వడ్డీ ఆశ చూపించే కంపెనీల సంగతి వేరే. అవి బ్యాంకులే కావు. తిరుప్పూరు పాజీ కంపెనీ మన పక్కదే కదా. 2009లో అది కూలితే, కోయంబత్తూరు కోర్టు 2022 ఆగస్టులో ఇద్దరికి 27 ఏండ్ల జైలు వేసింది. మోసం సుమారు 930 కోట్లు. తీర్పు వచ్చేదానికే పదమూడేండ్లు పట్టింది!

ఇంకొకటి, మన పిల్లోళ్ల గురించి. "నీ ఖాతా, ఏటీఎం కార్డు కొన్నాళ్లు ఇయ్యి, నెలకు ఇంత ఇస్తాము" అని అడిగేవాళ్లు తిరుగుతున్నారు. దోచిన దుడ్లు దాటించేది అట్లాంటి ఖాతాల్లోనే. పోలీసులు మొదట వచ్చేది ఖాతా ఎవురి పేరుమీద ఉంటే వాళ్లింటికే. ఇంట్లో ఎవురైనా కార్డు ఇచ్చుంటే ఈరోజే బ్యాంకుకు పోయి ఆపించండి.