టీవీ పట్టికలో ఇంటి భాష

పాత టీవీ కార్యక్రమాల పట్టిక చూడటానికి చిత్తుకాగితమే. కానీ ఒక దేశం ఎవరెవరిని తన ఇంటివారుగా లెక్కించిందో అందులో తెలిసిపోతుంది. ఆస్ట్రేలియా సంగతే చూడండి.

1956 సెప్టెంబరు 16న సిడ్నీలో టీసీఎన్-9 క్రమబద్ధంగా ప్రసారాలు ప్రారంభించింది. నవంబరులో ఒలింపిక్స్ నాటికి మెల్‌బోర్న్‌కూ టీవీ వచ్చింది. తొలినాళ్ల పట్టికల్లో అమెరికా, బ్రిటన్ కార్యక్రమాలే ఎక్కువ. 1964లో 'హోమిసైడ్' వంటి ధారావాహికలు వచ్చాక అక్కడివారు తమ వీధులను, తమ యాసను తెరమీద చూసుకున్నారు. 1975 మార్చి 1 నుంచి రంగులూ వచ్చాయి.

అయితే యుద్ధానంతరం వలస వచ్చిన ఇటాలియన్, గ్రీకు కుటుంబాల భాష మాత్రం ఆ పట్టికల్లో కనిపించడం అరుదు. 1980 అక్టోబరు 24న సిడ్నీ, మెల్‌బోర్న్‌లలో బహుభాషా టీవీ, అంటే నేటి ఎస్.బి.ఎస్., మొదలయ్యాకే ఆ లోటు తీరసాగింది. సినిమా వారి భాషలో, అడుగున ఇంగ్లీషు అక్షరాలు. మాటలు వింటూ అమ్మమ్మ, అక్షరాలు చదువుతూ మనవడు కలిసి చూడవచ్చు. ఇప్పుడు ఆ సంస్థ రేడియో సేవల్లో మన తెలుగూ ఉంది.

పొరుగు భాషల నడుమ తరాలుగా కాపురముంటున్న మనకు ఆ 24 ఏళ్ల నిరీక్షణ అర్థమవుతుంది. పట్టికలో చోటు దొరికేదాకా భాషను కాపాడింది ఇంట్లో పెద్దల మాటే. మన ఇళ్లలోనూ అంతే కదా!