చారానా కోడికి బారానా మసాలా: బ్యాటరీ వింతలు మీకు తెలుసా?

ఫోన్‌లో అన్నిటికంటే ముందు ముసలిదయ్యేది బ్యాటరీ. దాన్ని మార్చడానికి ఎంతవుతుందో అడిగితే, ఫోన్ సంగతి అటుంచి మనకే ఛార్జింగ్ దిగిపోతుంది! ఎందుకింత? అసలు ఖరీదు బ్యాటరీదా, దాని మీద మూతదా? నాకు దొరికిన వింతల్ని ఇక్కడ కుమ్మరిస్తున్నాను. వరసేమీ లేదు, ఎక్కడినుంచైనా మొదలుపెట్టండి.

● మీ ఫోన్ ఏడాదంతా తాగే కరెంటు ఎంతో చెప్పగలరా? పది యూనిట్లు కూడా దాటదు! 5,000 ఎంఏహెచ్ బ్యాటరీలో పట్టేది దాదాపు 19 వాట్-అవర్లే కాబట్టి, రోజూ సున్నా నుంచి నూరు దాకా ఎక్కించినా ఏడాది మొత్తానికి అయ్యేది, పాతరకం 75 వాట్ల సీలింగ్ ఫ్యాను నాలుగైదు రోజులు ఆగకుండా తిరిగితే అయ్యేంత కరెంటే.

● కరెంటు కార్లు వగైరాల్లో వాడే లిథియం అయాన్ బ్యాటరీ ప్యాక్‌ల ధర 2024లో కిలోవాట్-అవర్‌కు సగటున 115 డాలర్లని బ్లూమ్‌బర్గ్ ఎన్‌ఈఎఫ్ లెక్కగట్టింది. ఆ రేటున చూస్తే మీ ఫోన్ బ్యాటరీ విలువ రెండు డాలర్ల పైచిల్లర, అంటే సుమారు 200 రూపాయలే!

● ఇప్పుడు అదే లెక్క తిప్పి చూద్దామా? అమెరికాలో ఐఫోన్ 15 బ్యాటరీ మార్చడానికి ఆపిల్ పెట్టిన ధర 99 డాలర్లు, అందులో పట్టే శక్తి సుమారు 13 వాట్-అవర్లు. ఇదే రేటున 40 కిలోవాట్-అవర్ల కారుకు బ్యాటరీ వేయిస్తే 3 లక్షల డాలర్లు, మన డబ్బులో రెండున్నర కోట్ల పైనే! (పనివాళ్ల కూలి, షాపు అద్దె, గ్యారంటీ అన్నీ ఆ 99లోనే ఉన్నాయి, నిజమే. అయినా నోరు తెరుచుకోకుండా ఉంటుందా?)

● ఇంకా పైకి ఎక్కాలని ఉందా? 2016లో వచ్చిన మొదటి ఎయిర్‌పాడ్ ఒక్కోదానిలో ఉన్న బ్యాటరీ శక్తి 93 మిల్లీవాట్-అవర్లు, వారంటీ దాటాక బ్యాటరీ సర్వీసు ఒక్కో చెవికి 49 డాలర్లు. కిలోవాట్-అవర్‌కు 5 లక్షల డాలర్లు దాటింది! అంత చిన్న గొట్టాన్ని పగలగొట్టకుండా తెరవలేరు కాబట్టి, సర్వీసు పేరుతో చేతికొచ్చేది మరో ఎయిర్‌పాడ్. విప్పి చూసి మార్కులు వేసే ఐఫిక్సిట్ సంస్థ దానికి మరమ్మతు సౌలభ్యంలో ఇచ్చింది పదికి సున్నా.

● గోడ గడియారంలో వేసే పెన్సిల్ సెల్లులతో ఒక యూనిట్ కరెంటు కావాలంటే ఎన్ని సెల్లులు కొనాలి? సుమారు 350! ఒక్కోటి 20 రూపాయలనుకున్నా 7 వేలు. అయితే ఒక్క గొప్ప సుఖం ఉంది: మూత తీసి కొత్తది వేయడానికి చిన్నపిల్లలకు కూడా అరనిమిషం చాలు.

● 2007 ఆగస్టులో నోకియా 4 కోట్ల 60 లక్షల బ్యాటరీలను మార్చి ఇస్తానంది! బీఎల్-5సీ రకంలో ఒక తయారీదారు చేసిన సరుకు ఛార్జింగ్‌లో వేడెక్కుతోందని తేలింది. మీ బ్యాటరీ అందులోదో కాదో తెలియాలంటే దాని మీద అచ్చేసిన 26 అక్షరాల కోడ్ చూడాలి. జనం వెనక మూత తీశారు, బ్యాటరీ బయటికి లాగారు, చదువుకున్నారు, అంతే. ఫోన్ ఎవరి దగ్గరిది వారి దగ్గరే ఉంది!

● 2016లో సామ్‌సంగ్ గెలాక్సీ నోట్ 7 బ్యాటరీలు అంటుకున్నప్పుడు ఏమైంది? మొదటి విడతలోనే 25 లక్షల ఫోన్లకు ఫోన్లే వెనక్కి పిలవాల్సి వచ్చింది! బ్యాటరీ లోపల అతికించి ఉంది మరి. కొన్ని గ్రాముల సరుకులో తప్పుంటే దాంతోపాటు తెర, కెమెరా, చిప్పు అన్నీ వెళ్లిపోయాయి. పై నోకియా సంగతిని దీని పక్కన పెట్టి చదవండి, ఈ జాబితాలో నాకు అన్నిటికంటే నచ్చిన జంట ఇదే.

● బీఎల్-5సీ ఇంకా బతికే ఉంది! దాన్ని వాడిన ఫోన్లు మూలన పడ్డా, చిన్న ఎఫ్ఎం రేడియోలు, బుల్లి స్పీకర్లు కొన్ని ఇప్పటికీ అదే కొలతతో వస్తున్నాయి. ఒక కంపెనీ సైజు ఊరందరి సైజు అయింది కాబట్టే, వీధి చివర షాపులో కూడా దొరుకుతోంది.

● 2001లో పుట్టిన ఐపాడ్‌కు బ్యాటరీ తలుపు అసలే లేదు. 2003లో న్యూయార్క్‌లో కేసీ నైస్టాట్ అనే కుర్రాడు తన ఐపాడ్ బ్యాటరీ పోయిందని ఆపిల్ కంపెనీకి ఫోన్ చేస్తే, 255 డాలర్లు, తపాలా ఖర్చు అదనం అన్నారట! దాదాపు ఆ డబ్బుకు కొత్తదే కొనుక్కోవచ్చు. అన్న వాన్‌తో కలిసి కేసీ ఏం చేశాడో తెలుసా? మాన్‌హాటన్‌లో ఐపాడ్ పోస్టర్ కనబడిన చోటల్లా, దీని బ్యాటరీ మార్చలేరు, 18 నెలలే వస్తుంది అని స్టెన్సిల్ పెట్టి రంగు చల్లాడు, దాన్నంతా చిన్న సినిమాగా తీశాడు. ఆ సినిమా బయటికొచ్చిన నెలలోనే 99 డాలర్లకు బ్యాటరీ మార్చే పథకం వచ్చింది. అది ముందునుంచీ అనుకుంటున్నదేనని కంపెనీ చెప్పుకుంది లెండి!

● 2007లో తొలి ఐఫోన్ బ్యాటరీ మార్చాలంటే 79 డాలర్లు, పంపడానికి దాదాపు 7 డాలర్లు, అది తిరిగొచ్చేదాకా వాడుకోవడానికి అద్దె ఫోన్ కావాలంటే మరో 29 డాలర్లు! అన్నీ కలిపితే 115. బ్యాటరీకే కాదు, బ్యాటరీ లేని రోజులకు కూడా బిల్లు వేశారన్నమాట.

● పాత ఐఫోన్లను సాఫ్ట్‌వేర్‌తో నెమ్మదింపజేసిన మాట నిజమేనని 2017 డిసెంబరులో ఆపిల్ ఒప్పుకుంది. నీరసించిన బ్యాటరీతో ఫోన్ ఉన్నట్టుండి ఆగిపోకుండా అలా చేశామంది. కొత్త ఫోన్ కొనాలేమో అనుకున్న జనానికి, కొత్త బ్యాటరీ వేస్తే పాత ఫోనే పరుగెడుతుందని అప్పుడు తెలిసింది!

● ఆ గొడవ చల్లార్చడానికి 79 డాలర్ల మార్పిడిని 2018 అంతా 29కే చేశారు. 2019 జనవరి 2న ఆపిల్ సారథిగా టిమ్ కుక్ పెట్టుబడిదారులకు ఉత్తరం రాస్తూ, అమ్మకాలు తగ్గడానికి ఉన్న కారణాల్లో ఈ చవక బ్యాటరీలను కూడా చేర్చారు! పెద్ద దెబ్బ చైనా మార్కెట్‌దే అయినా, ప్రపంచంలోనే అతి సంపన్న కంపెనీల్లో ఒకటి తన లోటుకు 29 డాలర్ల బ్యాటరీని చూపించడం చిత్రం కాదూ?

● అదే గొడవ మీద అమెరికాలో వేసిన దావా రాజీ అయ్యాక, 2024 జనవరిలో ఒక్కో ఫోన్‌కు సుమారు 92 డాలర్లు అందాయి. 29 డాలర్ల రేటున మూడు బ్యాటరీలు మార్పించుకుని, టీకి చిల్లర కూడా మిగుల్చుకోవచ్చు!

● ఫోన్లను అలా నెమ్మదింపజేసినందుకు ఆపిల్‌కు ఫ్రాన్స్ 2020లో వేసిన జరిమానా రెండున్నర కోట్ల యూరోలు. డబ్బుతో పోలేదు: ఆ తప్పును కంపెనీ తన ఫ్రెంచి వెబ్‌సైట్‌లో నెల రోజులు తానే ప్రకటించుకోవాల్సి వచ్చింది!

● నీళ్లలో తడిసినా పాడవకూడదంటే ఫోన్‌కు మూత ఉండకూడదంటారు కదా? 2014లో వచ్చిన సామ్‌సంగ్ గెలాక్సీ ఎస్5కు గోటితో తీసే మూత ఉంది, మీటరు లోతు నీళ్లలో అరగంట తట్టుకునే ఐపీ67 రేటింగూ ఉంది! మూత లోపలి అంచున చిన్న రబ్బరు కట్టు, అంతే.

● 36 కిలోల సరంజామా! ఆపిల్ 2022లో ఇంట్లోనే బ్యాటరీ మార్చుకోండి అంటూ పనిముట్లు అద్దెకు ఇస్తే, ద వెర్జ్ పత్రిక విలేకరి ఇంటికి రెండు భారీ పెట్టెలు వచ్చిపడ్డాయి. మార్చాల్సిన బ్యాటరీ బరువు 31 గ్రాములు. వారం అద్దె 49 డాలర్లు, పెట్టెలు తిరిగి ఇవ్వకపోతే పోతుందని కార్డు మీద పట్టి ఉంచిన మొత్తం 1,200 డాలర్లు! కోడి ఏది, మసాలా ఏది, మీరే చెప్పండి.

● ఒక ఐఫోన్‌లోని అసలైన ఆపిల్ బ్యాటరీని తీసి మరో ఐఫోన్‌లో పెడితే, బ్యాటరీ అసలుదో కాదో తెలియడం లేదని ఫోన్ హెచ్చరించేది! 2019లో ఐఫిక్సిట్ వాళ్లు పరీక్షించి బయటపెట్టిన సంగతి ఇది. బ్యాటరీలోని చిన్న చిప్పుకూ ఫోన్‌కూ జత కలిపి ఉంచడమే కారణం. ఇలా జత కట్టి బయటి మరమ్మతును అడ్డుకోవడాన్ని నిషేధిస్తూ అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం 2024లో చట్టం చేసింది.

● బ్యాటరీ పోతే కీబోర్డు కూడా కొత్తది! 2012 రెటీనా మ్యాక్‌బుక్ ప్రోలో బ్యాటరీని పైభాగానికి జిగురుతో అతికించారు. అందుకే 199 డాలర్లు కట్టి బ్యాటరీ మార్పిస్తే, కీబోర్డుతో సహా పై పెంకు మొత్తం మారిపోయేది. అంతకు ఆరేళ్ల ముందు సంగతి వేరు: 2006లో డెల్ వెనక్కి పిలిచిన 41 లక్షల ల్యాప్‌టాప్ బ్యాటరీలను జనం గొళ్లెం జరిపి ఊడదీసి ఇచ్చేశారు.

● సున్నా నుంచి ఎనిమిది! 2017లో మైక్రోసాఫ్ట్ సర్ఫేస్ ల్యాప్‌టాప్‌కు ఐఫిక్సిట్ ఇచ్చిన మార్కులు పదికి సున్నా, 2024లో వచ్చిన ఏడో తరానికి పదికి ఎనిమిది. జిగురు తగ్గించి స్క్రూలు పెట్టారు, ఏ స్క్రూ ఎక్కడిదో లోపలే గుర్తులు వేశారు. చేయాలనుకుంటే ఎంత తేలిక!

● ఇప్పుడొక చిక్కు ప్రశ్న: ఇవాళ సగం, రేపు సగం ఛార్జ్ చేస్తే ఎన్ని సైకిళ్లు? ఒక్కటే! మొత్తం నూరు శాతం వాడకం పూర్తయితేనే ఒక సైకిల్.

● ఐఫోన్ 15 బ్యాటరీ ఆయుష్షు 2024 ఫిబ్రవరిలో రాత్రికి రాత్రి రెట్టింపయింది! ఫోన్‌లో ఏమీ మారలేదు. 80 శాతం సామర్థ్యం నిలిచేది 500 సైకిళ్లు కాదు, 1,000 సైకిళ్లని ఆపిల్ మళ్లీ పరీక్షించి చెప్పింది. మన చేతిలోని వస్తువు ఎన్నాళ్లు వస్తుందో తయారుచేసిన వాళ్లకే అంత ఆలస్యంగా తెలిస్తే, మార్పించాలా వద్దా అని మనం ఏ లెక్కన తేల్చుకోవాలి?

● మన ఎండలు బ్యాటరీకి శత్రువులు! 25 డిగ్రీల దగ్గర 40 శాతం ఛార్జితో ఉంచిన లిథియం అయాన్ బ్యాటరీకి ఏడాది తరువాత సుమారు 96 శాతం సామర్థ్యం ఉంటుంది, 40 డిగ్రీల్లో నిండుగా ఉంచితే మిగిలేది సుమారు 65 శాతమే. రామగుండం, విజయవాడ మేడల మీద గదుల్లో ఛార్జర్ తీయకుండా పడుకునేవాళ్లు ఈ ముక్క రెండుసార్లు చదవండి.

● హైదరాబాద్ అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లోనో, సికింద్రాబాద్ సీటీసీలోనో బ్యాటరీ కొంటున్నారా? పైన అచ్చేసిన అంకె కంటే తక్కెడ నిజం చెబుతుంది! ఇప్పటి ఫోన్లలోని 5,000 ఎంఏహెచ్ బ్యాటరీ సాధారణంగా 60 గ్రాముల పైనే తూగుతుంది. నలభై గ్రాములు కూడా లేనిదాని మీద 5,000 అని ఉంటే నవ్వి తిరిగి ఇచ్చేయండి.

● లిథియం అయాన్ బ్యాటరీకి ప్రాణం పోసిన జాన్ గుడ్‌ఇనఫ్‌కు 2019లో నోబెల్ వచ్చేనాటికి 97 ఏళ్లు, అంత పెద్ద వయసులో ఆ బహుమతి అందుకున్నవారు మరొకరు లేరు! 1980లో ఆక్స్‌ఫర్డ్‌లో ఆయన కనిపెట్టిన కోబాల్ట్ పదార్థం కోట్లాది ఫోన్లలోకి చేరింది. దాని మీద ఆయనకు రాయల్టీ మాత్రం రాలేదు. బ్యాటరీ బిల్లు ఎంత పెద్దదైనా అందులో కనిపెట్టినవాడి వాటా సున్నా!

● అదే ఆక్స్‌ఫర్డ్‌లో 1840 నుంచి ఒక గంట ఒకే జత బ్యాటరీలతో మోగుతోంది! వాటి లోపల ఏముందో కచ్చితంగా ఎవరికీ తెలియదు. విప్పి చూస్తే ఆగిపోతుందని ఎవరూ ముట్టుకోవడం లేదు.

● ఒంట్లో ప్లుటోనియం పెట్టించుకున్న మనుషులు ఉండేవారు! పేస్‌మేకర్ బ్యాటరీ అయిపోతే చిన్న ఆపరేషన్ చేసి పెట్టె మొత్తం మార్చాలి. ఆ బాధ తప్పించడానికి 1970లో పారిస్‌లో తొలిసారి అణుశక్తి పేస్‌మేకర్ అమర్చారు. ప్లుటోనియం-238 సగానికి తగ్గడానికి 88 ఏళ్లు పడుతుంది, చాలామందికి ఆయుష్షే అంత ఉండదు.

● బ్యాటరీ మారిస్తే ఆడిన ఆటంతా పోతుంది! 1999లో వచ్చిన పోకెమాన్ గోల్డ్, సిల్వర్ ఆట క్యాట్రిడ్జ్‌లలో నాణెమంత సెల్లు లోపలే టంకం వేసి ఉండేది. ఆటను గుర్తుపెట్టుకునేది అదే. దాన్ని పీకగానే నెలల తరబడి పట్టిన జీవులన్నీ మాయం. సెల్లు ధర పది, ఇరవై. పోయినదాని ధర ఏ పిల్లాణ్నైనా అడగండి.

● యూరోపియన్ యూనియన్‌లో 2027 ఫిబ్రవరి 18 నుంచి, చిన్న పరికరాల బ్యాటరీని కొన్నవాళ్లే తీసి మార్చుకునేలా ఉండాలి! బజారులో దొరికే పనిముట్లు సరిపోవాలి. వేడి పెట్టడం, ద్రావకాలు పోయడం కుదరదు. ఆఖరి సరుకు మార్కెట్‌కు వచ్చాక 5 ఏళ్లపాటు బ్యాటరీలు న్యాయమైన ధరకు దొరకాలి. తడిలో వాడేవాటికి, కొన్ని వైద్య పరికరాలకు మినహాయింపులున్నాయి. ధర న్యాయంగా ఉండాలని చట్టంలోనే రాశారు చూడండి, నన్ను ఆపేసిన ముక్క అదే.

● ఫోన్ పక్కన ధరతోపాటు మరమ్మతు మార్కులు కూడా పదికి ఇన్ని అని రాయాలని ఫ్రాన్స్‌లో 2021లో నిబంధన వచ్చింది. స్పేర్ పార్టు మరీ ఖరీదైతే మార్కులు తగ్గేవి! మన దేశంలో మరమ్మతు హక్కు పోర్టల్ 2022 డిసెంబరు 24న మొదలైంది; ఇలాంటి మార్కుల పద్ధతిపై కమిటీ నివేదిక కేంద్రానికి 2025లో చేరింది.

● చివరిగా, బ్యాటరీని ఊడదీయడానికి ఏం కావాలి? ఇంకో బ్యాటరీ! ఐఫోన్ 16లో వాడిన జిగురు కరెంటు తగిలితే పట్టు వదిలేస్తుంది. 9 వోల్టుల మామూలు బ్యాటరీ తీగలు తగిలిస్తే సుమారు 90 సెకన్లు, వోల్టులు పెంచితే ఇంకా త్వరగా!