విదేశాల్లో ఉపాధ్యాయ ఉద్యోగం: డిగ్రీ, జీతం, ఒప్పందం

6.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు విదేశీ పాఠశాల పంపే నియామక పత్రాన్ని చదివి, సంవత్సరం చివరికి చేతిలో నిజంగా మిగిలేది ఎంతో లెక్క కట్టగలగాలి. దూరవిద్యలో పొందిన డిగ్రీకి బయటి దేశాల్లో ఎదురయ్యే చిక్కులను వివరించగలగాలి. ఏజెంటు విషయంలో చట్టం పెట్టిన హద్దులు చెప్పగలగాలి.

6.1 పరిచయం

విదేశీ ఉద్యోగం అనగానే తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల్లో ముందుగా గుర్తొచ్చేది అమెరికా, సాఫ్ట్‌వేరు. కానీ భారతీయ ఉపాధ్యాయులు దేశం దాటి పాఠాలు చెప్పడం సాఫ్ట్‌వేరు కంటే చాలా పాతది. హైలే సెలాసీ చక్రవర్తి కాలంలోనే ఇథియోపియా పాఠశాలల్లో మన దేశపు ఉపాధ్యాయులు పనిచేశారు. వారిలో మలయాళీలు ఎక్కువ. చమురు డబ్బు వచ్చిన 1970లలో నైజీరియా, ఆ వెంటనే గల్ఫ్ దేశాలు మనవారిని పిలిచాయి. జెడ్డాలోని భారతీయ పాఠశాల 1969లో, మస్కట్‌లోనిది 1975లో మొదలయ్యాయి. ఇప్పుడు విదేశాల్లో సీబీఎస్ఈ గుర్తింపు ఉన్న పాఠశాలలు 200కు పైగా ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం గల్ఫ్‌లోనివే. మన డిగ్రీ, బీఎడ్ ఉన్నవారికి అందుబాటులో ఉన్న మొదటి మార్కెట్టు అదే కాబట్టి ఈ పాఠంలో ఎక్కువ ఉదాహరణలు అక్కడివే తీసుకున్నాం.

6.2 మీ డిగ్రీ ఎక్కడ చెల్లుతుంది?

సార్వత్రిక విశ్వవిద్యాలయ విద్యార్థులు అన్నిటికంటే ముందు తెలుసుకోవలసిన విషయం ఇది. ఏజెంట్లు దీన్ని దాదాపు ఎప్పుడూ ముందుగా చెప్పరు.

యూజీసీ 2020 నిబంధనల ప్రకారం, గుర్తింపు ఉన్న దూరవిద్య డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానం. 2022లో యూజీసీ ఈ మాటను మళ్లీ స్పష్టం చేసింది. దేశంలో ఉద్యోగానికైనా, పై చదువుకైనా మీకు ఇది రక్ష. అయితే యూజీసీ అధికారం మన సరిహద్దు దాటి పనిచేయదు. మీ డిగ్రీ తమ దేశపు డిగ్రీతో సమానమా కాదా అన్నది ప్రతి దేశమూ తానే తేల్చుకుంటుంది.

2018లో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో ఏం జరిగిందో చూడండి. అక్కడ ఉపాధ్యాయులు ఆ దేశపు విద్యాశాఖ నుంచి సమానార్హత పత్రం తెచ్చుకోవాలి. కొందరు భారతీయుల సర్టిఫికెట్ల మీద 'ప్రైవేటు' అని ఉంది. కొందరి మార్కుల జాబితాల్లో 'ఇంటర్నల్', 'ఎక్స్‌టర్నల్' అనే వరుసలు ఉన్నాయి. మనకు ఎక్స్‌టర్నల్ అంటే సంవత్సరాంత పరీక్ష మార్కులు. అక్కడి అధికారులకు అది కాలేజీకి వెళ్లకుండా చదివినట్టు కనిపించింది. ఏళ్ల తరబడి పాఠాలు చెబుతున్నవారి ఉద్యోగాలు కూడా చిక్కులో పడి, మన రాయబార కార్యాలయం మాట్లాడవలసి వచ్చింది. ఒక్క మాటను అపార్థం చేసుకుంటేనే అంత గొడవ అయితే, నిజంగానే దూరవిద్యలో చదివినవారు ఎంత జాగ్రత్త పడాలో ఊహించండి. అక్కడ చదివిన విధానం గురించి ప్రత్యేకంగా అడుగుతారు. దాచి లాభం లేదు. దాస్తే ఉద్యోగంతోపాటు వీసా కూడా పోవచ్చు.

అందుకే పాఠశాలకు రాసే మొదటి ఉత్తరంలోనే "నా డిగ్రీ దూరవిద్యలో చేసినది, దీనికి మీ దేశంలో సమానార్హత వస్తుందా?" అని రాసి అడగండి. జవాబు కూడా రాతపూర్వకంగానే తీసుకోండి. ఏజెంటు నోటితో చెప్పే "అదేం ఫర్వాలేదండీ" అన్న మాటకు విలువ లేదు.

బీఎడ్ విషయంలో మరో మెలిక ఉంది. దూరవిద్య బీఎడ్‌ను ఎన్‌సీటీఈ ప్రధానంగా ఇప్పటికే శిక్షణ పొంది పనిచేస్తున్న ప్రాథమిక ఉపాధ్యాయుల కోసం ఉద్దేశించింది. డిగ్రీ సార్వత్రికంలో చేసినా, బీఎడ్ మాత్రం రెగ్యులర్ కాలేజీలో చేయడం విదేశీ ఆలోచన ఉన్నవారికి మంచిది.

ఇంగ్లండు దారి వేరు. 2023 ఫిబ్రవరి నుంచి భారతదేశపు ఉపాధ్యాయులు కూడా అక్కడి అర్హత హోదాకు ఉచితంగా దరఖాస్తు చేసుకునే వీలు వచ్చింది. మొదట్లో మన దేశం వారికి గణితం, సైన్సు, భాషలు బోధించేవారికే అవకాశం ఇచ్చారు. అమెరికాలో జే-1 మార్పిడి వీసాపై సాధారణంగా మూడేళ్లు పనిచేయవచ్చు. అయితే అక్కడ చాలా మూల్యాంకన సంస్థలు మన మూడేళ్ల డిగ్రీని వారి నాలుగేళ్ల డిగ్రీతో సమానంగా చూడవు. హెచ్-1బీ దారి బడులకు ముందు నుంచీ కష్టమే. 2025 సెప్టెంబరులో కొత్త దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము ప్రకటించాక సాధారణ బడికి అది అందని మాట.

6.3 పేర్లు, ఇంటిపేర్లు, ముద్రలు

మన పదో తరగతి సర్టిఫికెట్టులో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది. పాస్‌పోర్టులో అదే ఇంటిపేరు పూర్తిగా వస్తుంది. పెళ్లయిన తరువాత ఆధార్‌లో భర్త ఇంటిపేరు చేరుతుంది. తెలుగువారికి ఇది ఒకే మనిషి పేరు. విదేశీ గుమాస్తాకు మాత్రం ముగ్గురు మనుషులు. ఉద్యోగం దొరికాక దీన్ని సరిచేయబోతే నెలలు పడుతుంది కాబట్టి డిగ్రీ పూర్తయ్యేలోగానే అన్ని పత్రాల్లో ఒకే రూపం ఉండేలా చూసుకోండి.

తరువాత ధ్రువీకరణ. భారతదేశం 2005లో అపోస్టిల్ ఒప్పందంలో చేరింది. అందులో ఉన్న ఒమాన్, బహ్రెయిన్, సౌదీ వంటి దేశాలకు మన విదేశాంగ శాఖ వేసే ఒక్క అపోస్టిల్ ముద్ర పత్రం అసలైనదని చెప్పడానికి సరిపోతుంది. ఎమిరేట్స్ అందులో లేదు. అక్కడికి వెళ్లాలంటే రాష్ట్ర స్థాయి ధ్రువీకరణ, విదేశాంగ శాఖ ముద్ర, ఆపైన ఆ దేశపు రాయబార కార్యాలయం ముద్ర కూడా కావాలి. ఇంకో సంగతి: 2022 ఏప్రిల్ 4 నుంచి బాపట్ల, రేపల్లె బాపట్ల జిల్లాలో ఉన్నాయి, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉంది. పాత పత్రాల్లో 'గుంటూరు జిల్లా' అని, కొత్తవాటిలో 'బాపట్ల జిల్లా' అని ఉంటే ఎవరైనా అడిగినప్పుడు వివరించడానికి సిద్ధంగా ఉండండి.

6.4 జీతాన్ని చదవడం

రేపల్లెలో ఒక ప్రైవేటు బడిలో గణితం చెప్పే ఉపాధ్యాయిని ఉందనుకుందాం. జీతం, ట్యూషన్లు కలిపి, ఇంటి ఖర్చు పోగా నెలకు 14,000 రూపాయలు మిగులుతున్నాయి. ఆమెకు షార్జాలో నెలకు 4,000 దిర్హంల ఉద్యోగం వచ్చింది. దిర్హం 23 రూపాయలనుకుంటే 92,000 రూపాయలు. ఊళ్లో అందరూ చెప్పుకునే అంకె ఇదే. ఇక ఈ అంకెను విప్పుదాం.

మొదటిది, అందులో మూలవేతనం 2,000 మాత్రమే. మిగతాది ఇంటి అద్దె, ప్రయాణ భత్యాలు. ఈ తేడా ఉద్యోగం వదిలేటప్పుడు తెలుస్తుంది. ఎమిరేట్స్ చట్టం ప్రకారం, ఏడాది పూర్తిచేసినవారికి మొదటి ఐదేళ్లలో ఏడాదికి 21 రోజుల మూలవేతనం చొప్పున గ్రాట్యుటీ వస్తుంది. 2,000 మీద అది ఏడాదికి 1,400 దిర్హంలు. మూలవేతనం 3,000 ఉంటే 2,100 వచ్చేది. అక్కడ మనకు భవిష్యనిధి, పింఛను ఉండవు కాబట్టి గ్రాట్యుటీ చిన్న విషయం కాదు.

రెండోది ఖర్చు. పంచుకునే గదికి 1,100, తిండికి 600, రాకపోకలకు 250, ఫోను వగైరాలకు 150, మొత్తం 2,100 దిర్హంలు అనుకోండి. నెలకు 1,900 మిగులుతాయి.

మూడోది సెలవులు. వేసవి రెండు నెలలకు జీతం ఉందా? విమానం టికెట్టు ఎవరిది? ఒప్పందంలో పది నెలల జీతమే ఉండి, 1,200 దిర్హంల టికెట్టు ఆమే కొనుక్కోవాలనుకుందాం. పది నెలల మిగులు 19,000లో టికెట్టు పోగా 17,800 దిర్హంలు, అంటే 4,09,400 రూపాయలు. పన్నెండు నెలలకు పంచితే సుమారు 34,100. తొంభై రెండు వేలు ముప్పై నాలుగు వేలయింది. అయినా రేపల్లె మిగులు కంటే రెట్టింపుకు పైనే. వెళ్లడం దండగ అని చెప్పడం ఇక్కడ ఉద్దేశం కాదు.

నాలుగోది, ఈ ఉద్యోగం ఎంతకు కొన్నారన్నది. ఏజెంటు రుసుము, ధ్రువీకరణ, వైద్య పరీక్షలు అన్నీ కలిపి 55,000 రూపాయలతో ముగిస్తే మొదటి ఏడాది నెలసరి మిగులు 29,500 దాటుతుంది. అలా కాక మధ్యవర్తికి రెండు లక్షలు, అదీ నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి ఇచ్చిందనుకోండి. అసలు రెండు లక్షలు, ఏడాది వడ్డీ 48,000 పోతే మిగిలేది 1,61,400. నెలకు 13,450. రేపల్లెలో ఉన్నప్పటికంటే తక్కువ! జీతం, ఖర్చు, మనిషి ఏమీ మారలేదు. మధ్యవర్తికి ఇచ్చిన డబ్బు ఒక్కటే మారింది.

పన్ను విషయం క్లుప్తంగా చెప్పుకుందాం. ఎమిరేట్స్‌లో జీతంపై ఆదాయపు పన్ను లేదు. మన చట్టం ప్రకారం ప్రవాస భారతీయుల హోదా వచ్చాక ఊళ్లోని మామూలు సేవింగ్సు ఖాతాను ఎన్‌ఆర్‌ఓగా మార్చాలి. పంపే డబ్బుకు ఎన్‌ఆర్‌ఈ ఖాతా తెరిస్తే దాని వడ్డీకి ఇక్కడ పన్ను పడదు.

6.5 జీవనం

ఎమిరేట్స్‌లో 4,000 దిర్హంల జీతం, లేదా వసతితో 3,000 ఉంటే కుటుంబాన్ని తెచ్చుకునేందుకు అర్హత వస్తుంది. కానీ అర్హత వేరు, తాహతు వేరు. కుటుంబానికి విడి ఇల్లు, పిల్లల ఫీజు కలిస్తే పై లెక్కలోని మిగులు మాయమవుతుంది. పిల్లల ఫీజులో రాయితీ ఇచ్చే పాఠశాల జీతం 500 తక్కువ ఇచ్చినా కుటుంబం ఉన్నవారికి అదే మేలు కావచ్చు.

మాల్దీవులు మరో లోకం. మనుషులు ఉండే దీవులు సుమారు 200. బడి ఉన్న దీవిని కొన్ని నిమిషాల్లో నడిచి చుట్టి రావచ్చు. పక్క ఊరికి పోవాలంటే పడవే. అక్కడ ఇస్లాం తప్ప వేరే మతాన్ని బహిరంగంగా ఆచరించకూడదు. పూజా విగ్రహాలు తీసుకువెళ్తే కస్టమ్సు వారు ఆపుతారు. అమ్మ ప్రేమగా పెట్టెలో సర్దే చిన్న వినాయకుడు కూడా ఇంట్లోనే ఉండాలి. ఇంతకంటే పెద్ద సమస్య డబ్బు పంపడం. జీతం రుఫియాలలో వస్తుంది, ఇంటికి పంపాలంటే డాలర్లు కావాలి. డాలర్ల కొరత వల్ల బ్యాంకులు నెలకు పంపగల మొత్తానికి పరిమితి పెట్టాయి. 2025లో దాన్ని ఇంకా తగ్గించాయి. చేతికి వచ్చిన జీతం ఇంటికి చేరకపోతే ఊళ్లో వాయిదాలు కట్టేదెవరు?

భద్రత గురించి ఒక్క సంఘటన. 2015 జూలైలో లిబియాలోని సిర్తే విశ్వవిద్యాలయంలో పనిచేసే నలుగురు భారతీయ అధ్యాపకులను సాయుధులు అపహరించారు. ఇద్దరు త్వరగానే విడుదలయ్యారు. తెలుగు రాష్ట్రాలకు చెందిన మిగతా ఇద్దరు 2016 సెప్టెంబరు వరకూ బందీలుగానే ఉన్నారు. లిబియా వదిలి రావాలని మన ప్రభుత్వం 2014లోనే సూచించింది. విదేశాంగ శాఖ హెచ్చరికలున్న దేశంలో ఎంత జీతం చూపినా పై లెక్కలేవీ పనికిరావు.

6.6 వెతుకులాట, ఏజెంటు, చట్టం

1983 వలసల చట్టం ప్రకారం పదో తరగతి పాస్ కానివారు గల్ఫ్ సహా 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. అప్పుడు ఒప్పందాన్ని అధికారి చూస్తారు. పట్టభద్రులకు ఈ అనుమతి అక్కర్లేదు. నర్సులకు మాత్రం 2015 నుంచి, ఎంత చదువున్నా ఆ 18 దేశాలకు అనుమతి తప్పనిసరి చేశారు. ఉపాధ్యాయులకు అలాంటి ఏర్పాటు లేదు. చదువుకున్నవారు తమను తాము చూసుకోగలరన్నది చట్టం ఊహ. ఈ ఊహ ఎంత నిజమో పై రెండు లక్షల లెక్క చూసి మీరే చెప్పండి. మీ ఒప్పందాన్ని మీకంటే ముందు చదివే అధికారి ఎవరూ లేరు.

అయితే ఏజెంటుకు వర్తించే నిబంధనలు మీ విషయంలోనూ వర్తిస్తాయి. విదేశీ నియామకాలు చేసే ఏజెంటు విదేశాంగ శాఖ వద్ద నమోదై ఉండాలి. ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో పేరు, లైసెన్సు నంబరు, గడువు చూడవచ్చు. అభ్యర్థి నుంచి తీసుకోగల రుసుముకు గరిష్ఠ పరిమితి 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. రసీదు ఇవ్వాలి. "హైదరాబాదు ఆఫీసుకు మేమే ఇక్కడి ప్రతినిధులం" అని తెనాలిలోనో బాపట్లలోనో గది తీసుకుని కూర్చున్న సబ్ ఏజెంటుకు విడిగా నమోదు లేకపోతే అతనికి డబ్బు ఇవ్వకండి. ఎమిరేట్స్ చట్టమైతే నియామక ఖర్చులు ఉద్యోగి నుంచి వసూలు చేయడాన్నే నిషేధించింది. 'ముందు విజిట్ వీసాపై వచ్చి చేరండి, తరువాత మారుద్దాం' అనే మాట వింటే అక్కడితో ఆగండి. పని అనుమతి లేకుండా తరగతిలో అడుగుపెడితే తప్పు మీ మీదకు కూడా వస్తుంది.

రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఓంక్యాప్ విదేశీ నియామకాలు చేపడుతుంది. ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీ ప్రవాసాంధ్రుల సహాయానికి ఏర్పడింది. వీటిని ముందు చూడండి. విదేశీ సీబీఎస్ఈ పాఠశాలల జాబితా బోర్డు వెబ్‌సైటులో దొరుకుతుంది. వాటికి నేరుగా రాయడానికి ఖర్చు లేదు. చాలా పాఠశాలలు వీడియోలో నమూనా పాఠం చెప్పమంటాయి. తెలుగు మాధ్యమంలో చదివినవారు ఇక్కడే తడబడతారు. మొత్తం ఇంగ్లీషు నేర్చుకునేదాకా ఆగకుండా మీ సబ్జెక్టులో ఒక పాఠాన్ని, ఉదాహరణకు ఎనిమిదో తరగతి భిన్నాలను, పావుగంట ఇంగ్లీషులో చెప్పి ఫోనులో రికార్డు చేసి వినండి. పది పాఠాలు అలా చేసినవారికి ఇంటర్వ్యూ భయం చాలావరకు తగ్గుతుంది.

బయలుదేరే ముందు ఇక్కడ వదులుకునేదీ లెక్కలో వేయండి. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు భర్తీకి ప్రకటించారు. దూరాన ఉండి ఇలాంటి పరీక్షకు తయారవడం, సమయానికి రావడం తేలిక కాదు.

అభ్యాసం

1. మస్కట్‌లోని ఒక పాఠశాల నెలకు 300 ఒమానీ రియాళ్లు, ఉచిత వసతి, పన్నెండు నెలల జీతం, ఏడాదికొక టికెట్టు ఇస్తానంది. రియాల్ 220 రూపాయలు, నెల ఖర్చు 90 రియాళ్లు అనుకుని ఏడాది మిగులు లెక్కించండి. దాన్ని 6.4లోని షార్జా ఉద్యోగంతో పోల్చండి.

2. మీ పదో తరగతి, డిగ్రీ, ఆధార్, పాస్‌పోర్టులలో మీ పేరు ఎలా ఉందో పక్కపక్కన రాసి, తేడాలుంటే గుర్తించండి.

3. దూరవిద్య డిగ్రీ గురించి విదేశీ పాఠశాలను అడుగుతూ పది వాక్యాలకు మించని ఉత్తరం రాయండి.