కాతిబు కలము నుండి కృత్రిమ మేధ వరకు

నేడు నలుగురు కూడిన చోటనెల్ల యంత్రముల మాటయే వినవచ్చుచున్నది. ఇరానీ హోటలులో చాయ్ త్రాగుచు ఒకరు, హాస్టలు వరండాలో మరొకరు, పెండ్లివిందులో దస్తర్‌ఖాను చుట్టు కూర్చున్న పెద్దలు ఇంకొకరు, ఎవరికి తోచిన అభిప్రాయమును వారు వెలిబుచ్చుచునే యున్నారు. “యంత్రము మన బిడ్డల ఉద్యోగములను మ్రింగివేయును” అనునది అందు మొదటి మాట. “కంప్యూటరు చెప్పిన దానిలో తప్పుండదు” అనునది రెండవది. “అది ఇంగ్లీషు చదివిన వారి వ్యవహారము, మన తెలుగు ఉర్దూలకు దానితో ఏమి పని” అనునది ఇంకొకటి. ఈ మాటలలో ఏది ఎంతవరకు నిజమో మన కళాశాలకు రెండు కన్నులవంటి ఈ రెండు భాషల అనుభవమును బట్టి పరిశీలించుట మా ఉద్దేశము.

ముందుగా పేరును గూర్చి ఒక్క మాట. 1955లో అమెరికా గణితశాస్త్రవేత్త జాన్ మెకార్తీ, ఆయన సహచరులు తమ పరిశోధన ప్రతిపాదనలో ‘ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్’ అను పేరును వాడిరి. దానిని మనము తెలుగులో కృత్రిమ మేధ అనుచున్నాము. ఉర్దూలో మస్నూయీ జహానత్ అందురు. ‘కృత్రిమ’ శబ్దము ‘చేయు’ అను అర్థముగల సంస్కృత ధాతువునుండి పుట్టినది. ‘మస్నూయీ’ శబ్దమునకు మూలమైన అరబీ ధాతువునకు కూడ అదియే అర్థము. రెండింటికిని ‘చేతితో చేయబడినది’ అనియే తొలి భావము. ‘నకిలీ’ అను భావము తరువాత చేరినది. ఒకదానితో ఒకటి ఏ చుట్టరికమును లేని రెండు మూల భాషలు ఒకే త్రోవలో నడచుట చిత్రముగనే యున్నది.

ఇక ఉద్యోగముల మాట. యంత్రము వలన మన ప్రాంతములో ఒక వృత్తికి ఏమి జరిగినదో చూడగోరు వారు దూరము పోనక్కరలేదు. కాతిబుల కథ చాలును. ఉర్దూ వ్రాయు నస్తాలీఖ్ లిపి 14, 15వ శతాబ్దములలో ఇరానులో రూపొందినది. అందు పదము కుడివైపున పైనుండి ఎడమవైపున క్రిందికి వాలుచు సాగును. ఒకే అక్షరము ప్రక్కన వచ్చు అక్షరమును బట్టి రూపు మార్చుకొనును. ఇట్టి లిపిని సీసపు అచ్చులలో పోయుట దాదాపు అసాధ్యమైనది. కలకత్తాలోని ఫోర్ట్ విలియం కళాశాలలో ప్రయత్నించిరి, హైదరాబాదు సంస్థానములోను ప్రయత్నించిరి, ఏదియు నిలువలేదు. నస్ఖ్ లిపిలో అచ్చులున్నను ఉర్దూ పాఠకులు దానిని మనసార స్వీకరింపలేదు. తెలుగువారు వత్తులకు, గుణింతములకు వందలకొలది అచ్చులు పోయించుకొని కంపోజిటర్ల చేతికిచ్చి అచ్చుయంత్రమును నడుపుకొనుచుండగా, ఉర్దూ పత్రికలును పుస్తకములును కాతిబు చేతివ్రాత మీదనే నడచినవి.

ఆ పనితనము ఎట్టిదో నేటి విద్యార్థులలో అనేకులకు తెలియదు. కాతిబు రెల్లు కలముతో, జిడ్డుగల సిరాతో, పసుపు పూత పూసిన కాగితము మీద వ్రాయును. ఆ వ్రాత శిలపై ఒత్తబడి తలక్రిందులుగ అంటుకొనును. శిలమీద తప్పు కనబడినచో దానిని దిద్దువాడు సంగ్‌సాజ్. ఆతడు అక్షరములను అద్దములో కనబడునట్లు తిరుగవేసి వ్రాయగల నేర్పరి. తరువాత ఆఫ్‌సెట్ ముద్రణ వచ్చి శిలలు పోయినను కాతిబు పోలేదు. అతని వ్రాతనే ఫొటో తీసి అచ్చువేసిరి. 1927లో చెన్నపట్టణమున స్థాపింపబడిన ‘ముసల్మాన్’ దినపత్రిక కంప్యూటర్ల కాలములో కూడ అనేక సంవత్సరములు చేతివ్రాతతోనే వెలువడి దేశవిదేశములలో పేరుపొందినది.

మార్పు 1981లో వచ్చినది. పాకిస్తానులో మీర్జా అహ్మద్ జమీల్ అను ఖుష్‌నవీసు దాదాపు ఇరువది వేల అక్షర సంపుటములను స్వహస్తముతో వ్రాయగా, బ్రిటిషు మోనోటైపు సంస్థ వాటిని కంప్యూటరులోనికి ఎక్కించినది. దానికి ‘నూరీ నస్తాలీఖ్’ అని పేరు. ‘జంగ్’ పత్రిక దానితో వెలువడినది. ఆ యంత్రము మిక్కిలి ఖరీదైనది కనుక వెంటనే అందరికి అందలేదు. 1994లో మన దేశమున ‘ఇన్‌పేజ్’ అను సాఫ్ట్‌వేరు తయారైన పిమ్మట సామాన్యమైన ఒక కంప్యూటరు మీదనే నస్తాలీఖ్ టైపు చేయుట సాధ్యమైనది. కాతిబు దినమంతయు వ్రాయు పుటలను ఆపరేటరు కొద్ది గంటలలో ముగింపసాగెను. తప్పు దిద్దుట మరింత సులభము. పత్రికాధిపతులు ఏది ఎన్నుకొందురో వేరుగ చెప్పవలెనా?

ఇచట గమనింపదగిన విషయమొకటి కలదు. ఆ యంత్రము లోపల నున్నది ఒక కాతిబు చేయియే. ఇరువది వేల రూపములను ఒక మనుష్యుడు వ్రాసి యుండనిచో యంత్రము ఒక్క పదమునైన వ్రాయజాలదు. ఒకని నేర్పు పట్టి, దానిని కోటిసార్లు తిరిగి వాడుటచే తక్కినవారికి పని తగ్గినది. నేటి కృత్రిమ మేధ చేయుచున్నదియు ఇట్టిదే. కాని అది ఒకని చేతివ్రాతను గాక, లక్షలమంది వ్రాసిన వాక్యములను పట్టినది. వారిలో ఎవరి పేరును దానిమీద లేదు. జమీల్ గారి పనికి ఆయన పేరైనను నిలిచినది.

హైదరాబాదులోని కాతిబులలో కొందరు తామే కంప్యూటరు నేర్చిరి. అక్షర సౌందర్యము ఎరిగినవారగుటచే వారు కూర్చిన పుటలు చూడముచ్చటగ నుండెడివి. కొందరు ఛత్తా బజారులో పెండ్లి రుఖాలకును, దుకాణముల బోర్డులకును మరలిరి. వయసు మళ్లినవారు కలము ముడిచిరి. “పాత పని పోయినను కొత్త పని వచ్చును” అని అర్థశాస్త్ర గ్రంథములు చెప్పుమాట లెక్కకు నిజమే. కాని పాత పని పోయిన మనుష్యుడును కొత్త పని దొరికిన మనుష్యుడును ఒక్కరు కారు. బ్యాంకులలో యంత్రములు ప్రవేశించునప్పుడు 1983లో ఉద్యోగ సంఘములకును యాజమాన్యములకును ఒప్పందము కుదిరినది. ఎన్ని యంత్రములు, ఎక్కడ, ఏ షరతులపై అని బేరమాడి వ్రాసుకొనిరి. పుటకింత అని పుచ్చుకొని ఇంట కూర్చుండి వ్రాయు కాతిబు పక్షమున అట్టి కాగితము వ్రాయుటకు ఎవరును లేకపోయిరి. ఉద్యోగములను యంత్రము తినివేయునా అను ప్రశ్నకు మా సమాధానము ఇదియే: యంత్రము వచ్చు రీతిని ఎవరు నిర్ణయించుచున్నారో మొదట చూడవలెను.

“యంత్రము చెప్పిన దానిలో తప్పుండదు” అను రెండవ మాటకు ఎక్కువ స్థలము కేటాయింప నక్కరలేదు. కూడికలు తీసివేతలు చేయు యంత్రము విషయమున అది నిజము. 2022 నవంబరులో ప్రజలకు అందుబాటులోనికి వచ్చిన ‘ఛాట్ జీపీటీ’ వంటివి వేరు జాతి. అవి అపారమైన వ్రాతలను చదివించుకొని, ఇన్ని మాటల తరువాత ఏ మాట వచ్చుటకు ఎక్కువ అవకాశము గలదో లెక్కగట్టి, మాట వెంట మాట పేర్చుకొని పోవును. పేర్చినది సత్యమైనను కావచ్చును, సత్యమువలె ధ్వనించునది మాత్రమే కావచ్చును. లేని గ్రంథమునకు పేరు, రచయిత, సంవత్సరము కల్పించి నిస్సంకోచముగ చెప్పుట వాటికి అలవాటు. పరీక్షల ముందు వాటిని నమ్ముకొను మిత్రులు దీనిని జ్ఞాపకముంచుకొందురు గాక.

మన భాషలకు సంబంధము లేదను మూడవ మాట మాత్రము లోతుగ చూడదగినది. గూగుల్ అనువాద యంత్రములో ఉర్దూ 2010లోను, తెలుగు 2011లోను చేరినవి. భారత ప్రభుత్వము 2022లో ‘భాషిణి’ని ప్రారంభించినది. మద్రాసు ఐఐటీలోని ‘ఏఐ4భారత్’ బృందము 2023లో షెడ్యూలులోని ఇరువది రెండు భాషలకు అనువాద నమూనాను వెలువరించినది. కనుక యంత్రము ఇప్పటికే మన ఇంటిలో ప్రవేశించినది. అది మన మాటలను ఎట్లు పలుకుచున్నది అనునదే ప్రశ్న.

ఒక చిన్న పరీక్ష చూడుడు. ఉర్దూలో “వో డాక్టర్ హై” అన్నచో ఆ ‘వో’ పురుషుడో స్త్రీయో తెలియదు. తెలుగులో చెప్పవలెనన్న అతడు, ఆయన, ఆమె, ఆవిడ అను మాటలలో ఒకదానిని ఎన్నుకొనక తప్పదు. తాను చదివిన వ్రాతలలో వైద్యులు ఎక్కువగ పురుషులే అయినచో యంత్రము ‘అతడు’ అనును. మన సోదరీమణులలో ఎందరో వైద్యవిద్య చదువుచున్నారను సంగతి దానికి పట్టదు. ‘కల్’ అనునది ఉర్దూలో నిన్నయు కావచ్చును, రేపును కావచ్చును. క్రియను చూచి గ్రహింపవలెను. ఉర్దూనుండి తెలుగునకు పోవు అనువాదము అనేక పర్యాయములు నడుమ ఇంగ్లీషు గుండా పోవును. ‘ఆప్’ అని మర్యాదగ మొదలైన మాట ఇంగ్లీషులో మర్యాద కోల్పోయి, తెలుగులో తాతగారిని ‘నువ్వు’ అని పిలువవచ్చును. ‘హమ్’ అన్నచో తెలుగులో మేమా, మనమా? వినువారిని కలుపుకొనుటయో, విడదీయుటయో ఆ ఒక్క మాటలోనే యున్నది. (ఈ వ్యాసములో మేము ఆ రెంటిని ఎంత జాగ్రత్తగ వాడుచున్నామో పాఠకులు గమనించియే యుందురు!) ఇక ‘హౌ’, ‘నక్కో’, ‘కైకు’ అను మన ఇంటి దక్ఖినీ మాట ఎత్తుటయే వృథా. అది ఎక్కువగ పలుకబడునదే కాని వ్రాయబడునది కాదు. వ్రాయబడనిది యంత్రమునకు లేనట్లే.

మన నగరములో ఇంతకంటె పెద్ద అనువాద యత్నము వంద సంవత్సరములకు పూర్వమే జరిగినది. ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఉర్దూ మాధ్యమముగ బోధించుటకై 1917లో ‘దారుల్ తర్జుమా’ స్థాపింపబడినది. గణితము, వైద్యము, న్యాయము, చరిత్ర మొదలగు శాస్త్రముల గ్రంథములు అచట ఉర్దూలోనికి వచ్చినవి. శాస్త్రమెరిగినవారును భాష ఎరిగినవారును కలసి కూర్చుండి ఒక్కొక్క పారిభాషిక పదమును గూర్చి వాదించుకొనెడివారు. అరబీనుండి తీయవలెనా, దేశీయ పదములనుండి కట్టవలెనా అని వహీదుద్దీన్ సలీం 1921లో ఒక గ్రంథమే వ్రాసిరి. తెలుగు అకాడమీ 1968లో ఏర్పడి తెలుగు పాఠ్యగ్రంథములకు ఇట్టి పనియే చేసినది. ఈ శ్రమ ఫలితమును మింగగలిగినచో నేటి యంత్రము మన భాషలలో ఎంత చక్కగ మాటలాడునో! కాని మింగలేదు. ఎందుకో చెప్పవలసి యున్నది.

శిలాముద్రితములైన ఆ ఉర్దూ గ్రంథములు యంత్రమునకు వట్టి బొమ్మలు. వాలుచు పోవు పదములును, చోటు తప్పిన చుక్కలును గల నస్తాలీఖును బొమ్మనుండి చదివించుట మిక్కిలి కష్టము. తెలుగు సంగతి ఇంకను వింత. మన డీటీపీ కేంద్రములలో అనేక సంవత్సరములు ‘అను’ ఫాంట్లతో పత్రికలు, పుస్తకములు, ఆహ్వాన పత్రికలు టైపైనవి. తెరమీద తెలుగే కనబడును. లోపల నిలువయున్నది ఇంగ్లీషు అక్షరముల సంకేతములు. ఫాంటు తొలగించినచో అర్థములేని గందరగోళము మిగులును. ఇన్‌పేజ్ మొదటి రూపములలో వ్రాసినదియు దాని స్వంత పెట్టెలోనే బంధింపబడి యుండెడిది. ప్రపంచమంతటికి ఒకటే సంకేతమాల అయిన యూనికోడ్ 1991లోనే తెలుగునకు, ఉర్దూనకు చోటు కల్పించినను మన అచ్చుపని చిరకాలము దానికి వెలుపలనే సాగినది. కంప్యూటరుతో మనము కూర్చిన పుటలనే నేటి కంప్యూటరు చదువజాలకున్నది!

యూనికోడ్‌లో కూడ అందరికి సమానమైన పీట లేదు. యూటీఎఫ్-8 అను పద్ధతిలో ఒక ఇంగ్లీషు అక్షరమునకు ఒక బైటు, ఉర్దూ అక్షరమునకు రెండు, తెలుగు గుర్తునకు మూడు చొప్పున పట్టును. ఉర్దూ లిపిలో ‘ఉర్దూ’ అను పదము ఎనిమిది బైట్లు, ‘తెలుగు’ పదునెనిమిది. భాషా యంత్రములు వ్రాతను ముక్కలుగ కోసి ముక్కల లెక్కన పని చేయును. కనుక ఒకే భావమునకు తెలుగువాడు ఇంగ్లీషువానికంటె ఎక్కువ ముక్కలు ఖర్చు పెట్టవలసి వచ్చినది. ఇటీవలి నమూనాలలో ఈ వ్యత్యాసము కొంత తగ్గినది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అను తెలుగు అక్షరము ఒక విధముగ కూర్చబడి వచ్చినచో ఐఫోను స్తంభించిపోయెడిది. ఆపిల్ సంస్థ ఆ నెలలోనే సవరించినది. జ్ఞానమునకు మొదటి అక్షరమే యంత్రమును నిలిపివేయుట చూచి అప్పుడు తెలుగువారు నవ్వుకొనిరి. మన లిపులను పరీక్షించి చూచిన పిమ్మట యంత్రములు విడుదల చేయుట ఇంకను అలవాటు కాలేదని గూడ దానివలన తెలియుచున్నది.

2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశములో తెలుగు మాతృభాషగ గలవారు ఎనిమిది కోట్లకు మించియున్నారు. ఉర్దూ వారు అయిదు కోట్లకు మించియున్నారు. ఇందరి మాటలు యంత్రములో సరిగ లేనిచో రేపు ఆసుపత్రిలోను, తహసీలు కార్యాలయములోను, కోర్టులోను యంత్రము అనువదించు ఫిర్యాదులో ఎవరి మర్యాద, ఎవరి సాక్ష్యము తారుమారగునో ఊహింపవచ్చును.

కళాశాల కమిటీ వారికి మా విన్నపము ఒకటి కలదు. మన వార్షిక సంచిక కుడినుండి తెరచినచో ఉర్దూ, ఎడమనుండి తెరచినచో తెలుగు. రెండును నడుమ కలియును. ఇకమీదట అచ్చునకిచ్చు ప్రతి రచనను యూనికోడ్‌లో కూడ భద్రపరుపవలెను. అను ఫాంట్ల తెలుగును యూనికోడ్‌లోనికి మార్చు సాఫ్ట్‌వేర్లు ఉన్నవి. మార్చునప్పుడు వత్తులు, అరసున్నలు చెడును కనుక తెలుగు శాఖ విద్యార్థులు ఇద్దరు కూర్చుండి ప్రూఫులు దిద్దవలెను. ఇన్‌పేజ్ పుటలకును అట్లే. చేతివ్రాతతో అచ్చైన పాత ఉర్దూ సంచికలకు ఏ సాఫ్ట్‌వేరును పూర్తిగ అక్కరకు రాదు. నస్తాలీఖ్ చదువ నేర్చిన విద్యార్థి పుట ముందుంచుకొని టైపు చేయవలసినదే. కాతిబులు పుస్తకము చివరనో, ముఖపత్రము లోపలివైపుననో చిన్న అక్షరములతో తమ పేరు వ్రాసుకొను ఆచారము కలదు. కనబడినచోట ఆ పేరును కూడ టైపు చేయవలెను.