క్రొత్తగా నాటిన పూలనారు తేరుకొనుటకు కాపులు చేయవలసిన పనులు

బంతి, చేమంతి, కనకాంబరము మొదలగు పూలపైరులకు మడిలో నారు పెంచి, పిదప దానిని తీసి పొలములో నాటుట మన రైతులకు తెలిసిన పనియే. అయినను నాటిన మఱునాటి మధ్యాహ్నము తోటలోనికి పోయి చూచిన రైతునకు దిగులు పుట్టక మానదు. నిన్న పచ్చగా నిలిచియున్న నారు నేడు తల వ్రేలవేసి నేలకు వ్రాలియుండును. దీనిని చూచి కొందఱు వెంటనే నీరు పెట్టుదురు. సాయంకాలము మరల పెట్టుదురు. మూడవనాడు యూరియా చల్లుదురు. మొక్క యేల వాడినదో యెఱుగక చేయు ఈ ఉపచారమే పెక్కుతోటలలో మొక్క చచ్చుటకు కారణమగును. కావున నాటిన పిదప మొదటి పదునైదు దినములలో మొక్కకు జరుగునదేమో, రైతు చేయవలసినదేమో, చేయరానిదేమో ఇందు వివరింపబడుచున్నది.

1. ఈ పదునైదు దినముల విలువ

పెద్దబంతిని సాళ్ల నడుమ 2 అడుగులు, మొక్కల నడుమ 1½ అడుగు ఎడముగా నాటినచో ఒక గుంటకు 363 మొక్కలును, ఎకరమునకు 14,520 మొక్కలును పట్టును. పదింట నొక్క మొక్క చచ్చినను ఎకరములో 1,452 ఖాళీలు ఏర్పడును. దున్నుటకు, ఎరువునకు, నీటికి, కలుపునకు అయిన ఖర్చులో ఈ ఖాళీలకును పాలు కలదు. రాబడిలో మాత్రము లేదు.

చచ్చిన మొక్కలకంటె తేరుకొనక కుంగియున్న మొక్కల వలన కలుగు నష్టము మఱింత ఎక్కువ. బంతి నాటిన 60 మొదలు 70 దినములకు కోతకు వచ్చును. బతుకమ్మకును, దసరాకును, దీపావళికిని పూలకు గల గిరాకి పండుగ దాటిన మఱునాడు ఉండదు. పండుగ తేదీనుండి వెనుకకు లెక్కించి పుష్యమి, ఆశ్లేష కార్తెలలో నాటిన పైరు పది దినములు కుంగినచో, పూవు పండుగకు అందక పోవును.

చేమంతి విషయములో కాలము మఱింత కఠినమైనది. చేమంతి పగటి కాలము తగ్గినపుడు మొగ్గ తొడుగు జాతి. పగటి నిడివికిని పూతకును గల ఈ సంబంధమును గార్నర్, అల్లార్డ్ అను అమెరికా శాస్త్రజ్ఞులు 1920లో ప్రకటించిరి. దీని ఫలితమేమనగా, దినములు కురుచయైనపుడు మొక్క పెద్దదైనను చిన్నదైనను మొగ్గ తొడుగును. వర్షాకాలములో కొమ్మలు వేయుటకు గల దినములను నాటుడు దెబ్బవలన పోగొట్టుకొన్న మొక్క వానిని మరల సంపాదించుకొనలేదు. అది పొట్టిగానే మొగ్గకు వచ్చి, కొలదిపూలు పూచి ఊరకుండును.

2. మొక్క యేల వాడును?

మొక్క నీటిని పీల్చుకొనునది లావుపాటి వేళ్లతో గాదు. లేతవేళ్ల చివర దగ్గర కంటికి కష్టముమీద కనబడు సన్నని నూగు ఉండును. దీనిని మూలకేశములందురు. నేలలోని తేమను గ్రహించుటలో వీని పాలే మిక్కుటము. నారు పీకునపుడు లావువేళ్లు తెగకున్నను ఈ నూగు చాలవఱకు తెగిపోవును. ఆకులు మాత్రము ఎప్పటివలెనే ఎండకును గాలికిని నీటిని ఆవిరిగా విడుచుచుండును. రాబడి తగ్గి వ్యయము తగ్గని సంసారమువలె మొక్క లోటులో పడును. ఆకులోని కణములు నీరు లేక మెత్తబడి ఆకు వ్రేలాడును. దీనినే మనము వాడుట యందుము.

క్రొత్తవేళ్లు పుట్టి వానికి నూగు వచ్చువఱకు ఈ లోటు ఉండును. కావున రైతు చేయవలసినవి మూడు పనులే. పీకునపుడు వేళ్లు తెగకుండ కాపాడుట. ఆకులనుండి పోవు నీటిని కొన్నాళ్లు తగ్గించుట. క్రొత్తవేరు పుట్టుటకు తేమయు గాలియు గల నేలను సిద్ధపఱచుట. వేరునకు నీరెంత అవసరమో గాలియు అంత అవసరము. నేలలోని సందులన్నియు నీటితో నిండినచో వేరు ఊపిరాడక క్రుళ్లును. అతిగా నీరు పెట్టుటవలన కలుగు కీడు ఇదియే.

3. నాటుటకు ముందు చేయవలసినవి

బంతినారు 25 మొదలు 30 దినముల వయసుగలదై, నాలుగైదు ఆకులు తొడిగి, కాండము గట్టిగా ఉండవలెను. ముదిరి మొగ్గ తొడిగిన నారు త్వరగా తేరుకొనదు. నాటుటకు వారము దినముల ముందునుండి మడికి నీరు క్రమముగా తగ్గింపవలెను. నీడ కట్టియున్నచో తీసివేయవలెను. ఇట్లు చేసిన నారు కొంత గట్టిపడి పొలములోని ఎండకు ఓర్చును. అయితే పీకు దినమున మూడు నాలుగు గంటల ముందు మడిని బాగుగా తడుపవలెను. పొడినేలనుండి పీకినచో వేళ్లు నేలలోనే తెగి మిగిలిపోవును. కాండము పట్టి లాగక, చిన్నపారతో అడుగునుండి లేపి, మట్టి అంటియుండగనే తీయవలెను.

ప్రోట్రేలలో కొబ్బరిపొట్టు నింపి పెంచిన నారునకు వేళ్లు తెగవు గనుక అది మేలైనది. కాని ఆ గడ్డ పూర్తిగా ఎండియుండగా నాటరాదు. చుట్టును నేల తడిగా ఉన్నను నడుమ గడ్డ పొడిగా ఉండి మొక్క వాడును. కావున ట్రేలను తడిపి, గడ్డ లోపలివఱకు నానిన పిదపనే నాటవలెను.

కడియము మొదలగు దూరప్రాంతముల నర్సరీలనుండి లారీలలో వచ్చిన మొక్కలను దిగిన దినముననే నాటరాదు. గాలి వీచు చెట్టునీడలో రెండు మూడు దినములుంచి, నీరు చిలికి, తేరిన పిదప నాటవలెను. ప్లాస్టిక్ సంచిని కోసి పూర్తిగా తీసివేయవలెను. సంచిలో వేళ్లు చుట్టలు చుట్టుకొనియున్నచో వానిని వ్రేళ్లతో మెల్లగా విడదీయవలెను. లేనిచో అవి నేలలోనికి పాఱక చుట్టలోనే తిరుగుచుండును.

4. నాటు సమయము, నాటు విధము

మబ్బుపట్టిన దినము మిక్కిలి మంచిది. అట్టి దినము దొరకనపుడు ప్రొద్దు వాలిన తరువాత నాటవలెను. సాయంకాలము నాటిన మొక్కకు రాత్రియంతయు విశ్రాంతి; ఆకు నీటిని అంతగా విడువదు, వేరు నేలను అంటుకొనును. ఉదయము నాటిన మొక్క అదే దినమున ఎండకు ఎదురు నిలువవలసి వచ్చును. పీకిన నారును తడిగోనెలో చుట్టి నీడన ఉంచి, కావలసినంత మాత్రమే గట్టునకు తెప్పించుకొనవలెను.

నల్లరేగడి నేలలలో నీరు నిలుచును గావున బోదెలు తోలి బోదె ప్రక్కన నాటవలెను. ఎఱ్ఱచల్క నేలలు త్వరగా ఆరును గావున అందు చివికిన పశువుల ఎరువు ఎక్కువగా కలుపుట అవసరము. ఎకరమునకు 8 మొదలు 10 టన్నులు చాలును. పచ్చిపేడ వేయరాదు, అది నేలలో కుళ్లునపుడు వేడి పుట్టి లేతవేళ్లు మాడును, చెదలును చేరును.

లోతు విషయములో అన్ని మొక్కలకు ఒకే నియమము చెల్లదు. బంతి కాండమునుండి కూడ వేళ్లు పుట్టును. పొడవుగా సాగిన బంతినారును తొలి యాకుల వఱకు మట్టిలో దింపి నాటినచో అదనపు వేళ్లు వచ్చును. చేమంతి పిలకలను మడిలో ఉన్న లోతుననే నాటవలెను. లోతైనచో మొదలు క్రుళ్లును. అంటుకట్టిన గులాబిని అంటుముడి నేలకు కొంచెము పైన ఉండునట్లు నాటవలెను. ముడిక్రింద పుట్టు చిగురు అడవిమొక్కది గాన ఎప్పటికప్పుడు త్రుంచివేయవలెను.

నాటిన వెంటనే మొక్కచుట్టు మట్టిని వ్రేళ్లతో అదుమవలెను. వేరుచుట్టు గాలిసందులున్నచో అచ్చటి వేరు తేమనందుకొనలేదు. కాలితో త్రొక్కరాదు, త్రొక్కిన నేల గట్టిపడి గాలి చొరనీయదు.

5. నీరు, నీడ

నాటిన వెంటనే మొదటి తడి ఇయ్యవలెను. ఇది మొక్క దాహము తీర్చుటకు మాత్రమే గాదు. మట్టి కరగి వేరునకు అంటుకొనుటకును. రెండవ తడి మూడవనాడు ఇయ్యవలెను. పిమ్మట నేలను పరీక్షించి ఇయ్యవలెనే గాని ఆకును చూచి ఇయ్యరాదు. వ్రేలిని రెండంగుళముల లోతు మట్టిలో దింపి చూడుడు. మట్టి వ్రేలికి అంటుకొని చల్లగా తగిలినచో నీరు అక్కరలేదు. పొడిగా రాలినచో నీరు పెట్టుడు. బోరునీటిలో ఉప్పు ఎక్కువగా ఉన్నచో ఆకుల అంచులు మాడును. అట్టి నీటిని ఆకులపై చల్లక మొదటికే పారింపవలెను.

ఎకరములకొలది పైరునకు నీడ కట్టుట సాధ్యము కాదు. అయినను పెరటితోటలందును, ఖరీదైన గులాబి, మల్లె అంట్లకును మూడు నాలుగు దినములు తాటాకుగాని, కొబ్బరిమట్టగాని, వేపరెమ్మగాని పడమటి ప్రక్కను గ్రుచ్చి మధ్యాహ్నపు ఎండను ఆపవలెను. పిదప నీడను ఒక్కసారిగా గాక రోజురోజునకు కొంత తగ్గించుచు తీయవలెను. మొదలునకు రెండంగుళములు విడిచి ఎండుగడ్డి పఱచినచో నేల చల్లగా ఉండి తేమ నిలుచును.

6. వాడిన మొక్కను పరీక్షించు విధము

రైతు తెలిసికొనవలసిన ముఖ్యవిషయ మిది. వాడిన మొక్కలన్నియు ఒకే కారణమున వాడవు. తెల్లవాఱుజామున తోటకు పోయి చూడవలెను. మధ్యాహ్నపు చూపు మోసపుచ్చును.

(అ) మధ్యాహ్నము వ్రాలి, సాయంకాలమునకో తెల్లవాఱుసరికో మరల నిలుచు మొక్కకు రోగము లేదు. అది వేరు తొడుగుచున్నది. దానిని కదలింపక, అదనపు నీరు పెట్టక విడిచినచో వారము పది దినములలో తేరుకొనును.

(ఆ) తెల్లవాఱుజామునను వ్రాలియుండి, మట్టి పొడిగా ఉన్నచో దానికి నీరు చాలలేదు. వెంటనే తడి ఇయ్యవలెను.

(ఇ) తెల్లవాఱుజామునను వ్రాలియుండి, మట్టి తడిగా ఉండి, క్రిందియాకులు పసుపుబాఱినచో నీరు ఎక్కువైనది. ఒక మొక్కను పీకి చూడుడు. ఆరోగ్యమైన వేరు తెల్లగా గట్టిగా ఉండును. క్రుళ్లినవేరు గోధుమవన్నెగా ఉండి, పట్టి లాగిన పైతోలు ఊడివచ్చును. ఇట్టిచోట నీరు మాని, కాలువలు తీసి, నిలిచిన నీటిని పోనీయవలెను. మొదలు క్రుళ్లుట ప్రారంభమైనచో లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్లను తడుపవలెను.

(ఈ) ప్రక్కమొక్కలు బాగుండగా ఒక్కొక్క మొక్క వాడి, దాని కాండమును చీల్చిన లోపల గోధుమవన్నె చారలు కనబడినచో అది ఎండుతెగులు. దానికి మందు లేదు. మొక్కను వేళ్లతోగూడ తీసి కాల్చవలెను. ఆ గుంటలో మరల నాటరాదు.

(ఉ) వేళ్లపై బుడిపెలు కనబడినచో అవి నులిపురుగుల పని. కనకాంబరమునకు ఈ బాధ ఎక్కువ. టమాట, వంగ వేసి నులిపురుగు కనబడిన నేలలో కనకాంబరము వేయరాదు. బంతి పైరు వేసిన నేలలో ఈ పురుగు తగ్గును గాన, బంతి తరువాత కనకాంబరము వేయుట మంచిది. నాటుటకు ముందు వేపపిండి వేయుటయు మేలు.

7. ఎరువు, తలత్రుంచుట, ఖాళీలు నింపుట

తేరుకొనని మొక్కకు యూరియా వేయుట జ్వరపడినవానికి విందు పెట్టుటవంటిది. నూగువేరు లేని మొక్క ఎరువును గ్రహింపలేదు. పైగా మొదటివద్ద ఎరువు గాఢమైనచో అది వేరులోని నీటినే వెలుపలికి లాగును. క్రొత్తచిగురు కనబడుట మొక్క వేరూనినదనుటకు గుర్తు. అది కనబడిన పిదపనే నత్రజని ఎరువు కొంచెముగా, మొదలునకు దూరముగా వేసి తడి ఇయ్యవలెను.

నాటునపుడు నారుపై మొగ్గ ఉన్నచో గిల్లివేయవలెను. మొదటి పూవుపై ఆశ విడువనివానికి తరువాతి నూఱుపూలు దక్కవు. ఆకులను మాత్రము త్రుంచరాదు. క్రొత్తవేరునకు ఆహారము వండునవి ఆకులే. చేమంతికి నాటిన నాలుగు వారములకును, పెద్దబంతికి సుమారు నలుబది దినములకును కొన గిల్లినచో ప్రక్కకొమ్మలు వచ్చి పూలు పెరుగును. తేరుకొనని మొక్కకు కొన గిల్లరాదు. పండుగ దగ్గఱపడిన పైరునకును గిల్లరాదు. పూత కొన్నాళ్లు ఆలస్యమగును.

మడిలో పదవవంతు నారును మిగిల్చియుంచి, నాటిన వారము పది దినములలోపల ఖాళీలను నింపవలెను. అంతకు ఆలస్యముగా నాటిన మొక్క పెద్దమొక్కల నీడలో బడి ఎదుగదు.

8. సారాంశము

మడి తడిపి పీకుడు. ప్రొద్దు వాలినపిదప నాటుడు. మట్టి అదుముడు. నాటినవెంటనే ఒక తడి, మూడవనాడు ఒక తడి ఇండు. పిమ్మట వ్రేలితో చూచి ఇండు. తెల్లవాఱుజామున పరీక్షింపుడు. చిగురు కనబడువఱకు యూరియా ముట్టకుడు. వారములోపల ఖాళీలు నింపుడు.

ఇందు ధనము ఖర్చయ్యెడి పని మిక్కిలి తక్కువ. కన్నును ఓర్పును కావలసిన పని ఎక్కువ. ముందుగా రెండు గుంటలలో ఈ పద్ధతిని, ప్రక్కనే రెండు గుంటలలో తమ పాతపద్ధతిని అనుసరించి నాటి, పదునైదవనాడు బ్రతికిన మొక్కలను లెక్కించి చూచుకొన్నచో, ఏది మేలో కాపులకు తమ పొలమే తెలుపగలదు.