చెప్పేవాళ్లు దూరాన ఉంటే...



మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు ఎందరో మగవాళ్లు గల్ఫ్ దేశాలకు పోయారు. సెల్‌ఫోన్లు రాని రోజుల్లో ఆ ఇళ్లు ఎలా నడిచాయో పెద్దవాళ్లను అడిగి చూడండి. "పిల్లకు జరమొచ్చింది, ఏం జెయ్యమంటరు?" అని దుబాయికి ఉత్తరం రాస్తే, జవాబు వచ్చేసరికి ఎన్నో రోజులు పట్టేది. జ్వరం అంతవరకూ ఆగుతుందా? అందుకే ఇల్లాలే ఆలోచించి చేసేది, చేసింది తర్వాత రాసేది. దూర గ్రహాలకు పంపే అంతరిక్ష నౌకల అసలు కష్టం కూడా ఇదేనంటే నమ్ముతారా?

రేడియో తరంగం సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. ఆ వేగం కూడా అక్కడ చాలదు. అందుకని నౌకకు సొంత తెలివి నేర్పి పంపాలి. సిరిసిల్ల మరమగ్గం చూసిన వారికి తెలుసు, పేక పోగు తెగితే మగ్గం తనంతట తానే ఆగుతుంది. నౌక కూడా అంతే. ఏదైనా తేడా వస్తే మిగతా పనులు ఆపి, యాంటెన్నాను భూమివైపు తిప్పి, ఆజ్ఞ కోసం కాచుకుంటుంది.

ఒక్కోసారి ఆగే వీలు కూడా ఉండదు. 2013 నవంబరు 5న శ్రీహరికోట నుంచి బయలుదేరిన మంగళయాన్ సంగతే చూడండి. 2014 సెప్టెంబరు 24న అది అంగారకుణ్ణి చేరేనాటికి మనకు దాదాపు 22 కోట్ల 50 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉంది. వేగం తగ్గించడానికి ఇంజను సుమారు 24 నిమిషాలు మండాలి. ఆ ఇంజనేమో దాదాపు 300 రోజులుగా ఊరికే ఉంది! రెండు రోజుల ముందు 4 సెకన్లు మండించి పరీక్షించారు. అసలు ఘడియలో అంగారకుడు మధ్యకు అడ్డువచ్చి కొంతసేపు మాట కూడా అందలేదు. ముందుగానే పంపిన ఆజ్ఞల ప్రకారం నౌక తన పని తానే చేసుకుంది. దాన్ని నడిపిన బృందంలో రీతూ కరిధాల్, నందినీ హరినాథ్ డిప్యూటీ ఆపరేషన్స్ డైరెక్టర్లు. ఆరు నెలలకని పంపిన నౌక 2022 దాకా నిలిచింది.

ఇంకా దూరం పోతే కరెంటు చిక్కు. సూర్యుడికి రెట్టింపు దూరం పోతే వెలుగు నాలుగోవంతే అందుతుంది. 1977లో అమెరికా పంపిన వాయేజర్-1 అందుకే ప్లుటోనియం వేడితో కరెంటు తయారుచేసుకుంటుంది. మొదట్లో సుమారు 470 వాట్లు, అంటే మన మిక్సీకి పట్టేంత. అదీ ఏటా 4 వాట్లు తగ్గుతోంది. కిరసనాయిలు తక్కువైతే ఒక్కో దీపం ఆర్పుకున్నట్టు, ఒక్కో పరికరం ఆపుకుంటూ వస్తున్నారు.

2023 నవంబరులో దాని కంప్యూటర్‌లో ఒక చిప్పు పాడై, అర్థంలేని సంకేతాలు రాసాగాయి. వెళ్లి బాగుచేసేదెవరు? అల్మారాలో ఒక అర విరిగితే సామాను మిగతా అరల్లో సర్దుతాం కదూ? ఇంజనీర్లూ ఆ చిప్పులోని ఆజ్ఞలను ముక్కలు చేసి వేరేచోట్ల సర్దారు. ఆ ఆజ్ఞ చేరడానికి ఇరవై రెండున్నర గంటలు, జవాబు రావడానికి మళ్లీ అంతే. 2024 ఏప్రిల్ 20న జవాబు సరిగ్గా వచ్చింది.

చెప్పేవాళ్లు దూరాన ఉన్నప్పుడు ముందుచూపే దిక్కు. ఒంటిచేత్తో ఇల్లు నెట్టుకొచ్చిన తల్లులకు ఇది కొత్త పాఠమేమీ కాదు. ఈ రాత్రి మీ అమ్మాయి చేత ఒక లెక్క చేయించండి. 22 కోట్ల 50 లక్షలను 3 లక్షలతో భాగిస్తే 750 సెకన్లు, అంటే పన్నెండున్నర నిమిషాలు. మంగళయాన్ మాట మన చెవిన పడటానికి ఆనాడు పట్టిన సమయం అదే.