ధర – విలువ

పాఠ్యభాగ పరిచయం

వస్తువును కొనడం అవసరం. తెలిసి కొనడం విద్య. పరిమితమైన ధనంతో పాత ల్యాప్‌టాప్ స్థానంలో మరొక దానిని ఎంచుకొనే పద్ధతిని ఈ వ్యాసం వివరిస్తుంది. ధరకు, విలువకు మధ్య గల భేదాన్ని విద్యార్థులు గ్రహించేటట్లు చేయడం దీని ఉద్దేశం.

పాఠ్యభాగం

“కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి” అన్న సామెత చిత్తూరు ప్రాంతపు రైతులకు అనుభవంలో ఉన్నదే. తోతాపురి మామిడి విరగకాసిన ఏడు ధర పలకదు. ధర పలికిన ఏడు చెట్టున కాయ ఉండదు. అటువంటి ఇళ్ళ నుండి తిరుపతికి చదువు కోసం వచ్చే పిల్లలకు నేడు ల్యాప్‌టాప్ నోటుపుస్తకం వంటి అవసరం అయింది. నోటుపుస్తకం చినిగితే మరొకటి కొనుక్కోవచ్చు. ల్యాప్‌టాప్ పాడైతే మాత్రం ఆ ఇంటి లెక్కలన్నీ తారుమారవుతాయి.

ఒక ఉదాహరణను ఊహించుకొందాం. పలమనేరు వద్ద ఒక పల్లె. పాడి మీద ఆధారపడిన కుటుంబం. కుమార్తె తిరుపతిలో హాస్టలులో ఉండి బి.కాం. చదువుతున్నది. పెదనాన్న కుమారుడు వాడి ఇచ్చిన ల్యాప్‌టాప్ ఇప్పుడు తెరుచుకోవడానికే పది నిమిషాలు పడుతున్నది. తెరను నిలిపే మడతబందు విరిగింది; బ్యాటరీ ఉబ్బింది. పాలబిల్లులలో మిగిల్చిన 20,000 రూపాయలను తండ్రి ఆమె చేతికిచ్చాడు. చాలకపోతే పెయ్యదూడను అమ్ముదామని తల్లి అన్నది. కాని ఆ పెయ్య మరి కొంతకాలానికి పాలిచ్చే ఆవు అవుతుంది. కాబట్టి ఈ కొనుగోలులో జరిగే పొరపాటు ఒక్క ల్యాప్‌టాప్‌తో పోయేది కాదు.

ఆమె మొదట వేసుకోవలసిన ప్రశ్న “ఏది మంచిది?” అన్నది కాదు, “నాకు ఏ పనికి?” అన్నది. వాణిజ్యశాస్త్ర విద్యార్థికి లెక్కల పట్టికలు, వ్యాసాల టైపింగు, ఆన్‌లైన్ పాఠాలు ముఖ్యం. వీడియోల కూర్పు, ఇంజనీరింగు చిత్రాలు వంటి పనులకే శక్తిమంతమైన, ఖరీదైన యంత్రం కావాలి. చేయని పనికి పెట్టిన ఖర్చు, ఎక్కని మేడకు కట్టిన మెట్ల వంటిది.

రెండవది, ఉన్న యంత్రాన్ని పరీక్షించడం. ల్యాప్‌టాప్ నెమ్మదించినంత మాత్రాన పనికిరానిది కాదు. ర్యామ్ అనేది చదివేటప్పుడు పుస్తకాలు పరచుకొనే బల్ల వంటిది. స్టోరేజి వాటిని దాచే బీరువా వంటిది. బల్ల చిన్నదైతే ప్రతిసారీ లేచి బీరువా దాకా వెళ్ళాలి. పాత యంత్రాలలోని హార్డ్‌డిస్కులో పళ్ళెం వంటి బిళ్ళ తిరుగుతుంటే ఒక సన్నని చేయి కదిలి సమాచారాన్ని వెదకుతుంది. ఎస్‌ఎస్‌డిలో కదిలే భాగాలే లేవు. అందువల్ల అది ఎన్నో రెట్లు వేగంగా పనిచేస్తుంది. హార్డ్‌డిస్కు తీసి ఎస్‌ఎస్‌డి బిగించి, ర్యామ్‌ను 8 జీబీకి పెంచితే అనేక పాత ల్యాప్‌టాప్‌లు మళ్ళీ చురుకుగా నడుస్తాయి. అయితే కొన్ని నమూనాలలో ర్యామ్ మదర్‌బోర్డుకే అతికి ఉంటుంది, పెంచడానికి వీలుండదు. ఈ సంగతి ముందే అడిగి తెలుసుకోవాలి.

మరి మరమ్మతు ఎంతవరకు మేలు? మరమ్మతు ఖర్చు, అదే పని చేయగల మరొక యంత్రం ధరలో సగం దాటితే మార్చుకోవడమే మంచిదని స్థూలంగా చెప్పుకోవచ్చు. మన విద్యార్థిని ల్యాప్‌టాప్‌కు ఎస్‌ఎస్‌డి, మడతబందు, బ్యాటరీ మూడూ కావలసి వచ్చాయి. కాబట్టి మార్పు తప్పలేదు.

తక్కువ ధరకు కంప్యూటరును అందించాలన్న ఆలోచన కొత్తది కాదు. అమెరికాకు చెందిన నికొలస్ నెగ్రోపాంటే 2005లో ప్రపంచ బాలలకు వంద డాలర్ల ల్యాప్‌టాప్‌ను ప్రతిపాదించాడు. ఆ యంత్రం తయారైంది గాని, ధర వంద డాలర్లకు దిగలేదు. మన దేశంలో 2011 అక్టోబరులో విద్యార్థుల కోసం ‘ఆకాశ్’ టాబ్లెట్‌ను విడుదల చేశారు. ధర తక్కువే, కాని దాని వేగం, బ్యాటరీ, స్పర్శతెర విమర్శలకు గురయ్యాయి. ధర తగ్గినంత మాత్రాన వస్తువు ఉపయోగపడదని ఈ ప్రయత్నాలు నేర్పుతున్నాయి.

పరిమిత ధనం గలవారికి ఉన్న మంచి మార్గం, కార్యాలయాలు వాడి అమ్మివేసిన ల్యాప్‌టాప్‌లను బాగుచేసి అమ్మే దుకాణాలు. ఇక్కడ జాగ్రత్త అవసరం. “ఇది ఐ7, అది ఐ5 మాత్రమే” అని అమ్మేవారు చెప్పవచ్చు. ఆ అక్షరం కంటే దాని తరువాతి సంఖ్యే ముఖ్యం. ఇంటెల్ ఐ7-4600యు అనేది 2013 నాటి నాలుగవ తరం ప్రాసెసరు. దానిలో రెండు కోర్లే ఉన్నాయి. ఐ5-8250యు 2017 నాటి ఎనిమిదవ తరానిది. దానిలో నాలుగు కోర్లున్నాయి. పేరులో పెద్దదైన మొదటిది పనిలో చిన్నది.

ఈ తరం లెక్కకు మరొక కారణం ఉంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ ఇచ్చే సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 సాధారణంగా ఎనిమిదవ తరం, ఆ తరువాతి ఇంటెల్ ప్రాసెసర్లనే ఆమోదిస్తుంది. అంతకంటె పాత యంత్రం చౌకగా దొరికితే లినక్స్ వేసుకొనే మార్గం ఉంది. లైనస్ టోర్వాల్డ్స్ 1991లో ప్రారంభించిన ఈ వ్యవస్థ ఉచితం. దానిలో తెలుగు టైపింగు చేయవచ్చు. లిబ్రెఆఫీస్‌లో లెక్కల పట్టికలు తయారు చేయవచ్చు. కళాశాలలో విండోస్‌తో మాత్రమే నడిచే సాఫ్ట్‌వేరు కావాలంటారేమో ముందుగా విచారించాలి.

పాత యంత్రాన్ని కొనేటప్పుడు దుకాణంలోనే అరగంట నడిపి చూడాలి. ప్రతి మీట నొక్కాలి. కెమెరా, మైకు, వైఫై, యుఎస్‌బి రంధ్రాలు పరీక్షించాలి. బ్యాటరీ తొలి సామర్థ్యంలో ఎంత మిగిలిందో నివేదిక తీయించాలి. పాత సంస్థ పెట్టిన తాళపుమాట లోపల మిగిలి ఉందేమో చూడాలి.

చిత్తూరు ప్రాంతం చెన్నై, బెంగళూరు నగరాల మధ్య ఉన్నది. చెన్నైలోని రిచీ వీధి, బెంగళూరులోని ఎస్.పి. రోడ్డు ఎలక్ట్రానిక్ వస్తువులకు పేరుపొందాయి. అక్కడ వెయ్యి రూపాయలు తగ్గవచ్చు. కాని వస్తువు చెడి రెండుసార్లు తిరగవలసి వస్తే బస్సు ఛార్జీలకే ఆ వెయ్యి సరిపోతుంది. పాఠాలు పోవడం అదనపు నష్టం. అందుచేత దూరపు ధరను, దగ్గరి వారంటీని ఒకే త్రాసులో తూచాలి.

ఇక అసలు లెక్క. 12,000 రూపాయల యంత్రం ఒక్క ఏడాది పనిచేస్తే నెలకు 1,000 రూపాయలు పడినట్లు. 18,000 రూపాయల యంత్రం మూడేళ్ళు పనిచేస్తే నెలకు 500 రూపాయలే. దుకాణంలో చెల్లించేది ధర. వాడుకలో తేలేది విలువ. వాయిదాల మీద కొనేవారు నెలసరి మొత్తాన్ని గాక, వడ్డీ, రుసుములు కలిపి చివరకు కట్టే మొత్తాన్ని చూడాలి.

యంత్రం క్రమసంఖ్య, వారంటీ గడువు రాసిన బిల్లును తప్పక తీసికోవాలి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. 5 లక్షల రూపాయల లోపు విలువకు రుసుము లేదు. 1915 నంబరుకు ఫోను చేసి సలహా పొందవచ్చు. బిల్లు లేనివాని మాటకు బలం తక్కువ.

మన విద్యార్థిని 18,000 రూపాయలకు ఎనిమిదవ తరం ప్రాసెసరు, 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డి ఉన్న యంత్రాన్ని, ఆరు నెలల వారంటీతో తిరుపతిలోనే ఎంచుకొన్నది. మిగిలిన 2,000 రూపాయలను రాబోయే మరమ్మతుకై దాచుకొన్నది. పాత దానిలోని పాఠాలను కొత్త దానిలోకి మార్చి, ఉబ్బిన బ్యాటరీని చెత్తకుండీలో వేయక ఈ-వ్యర్థాలను సేకరించేవారికి అప్పగించింది. పలమనేరు ఇంటి కొట్టంలో పెయ్యదూడ అలాగే ఉన్నది. తెలిసి కొనడమంటే ఇదే.

పదాలు – అర్థాలు

పెయ్యదూడ : ఆడ ఆవుదూడ
మడతబందు : మూత తెరిచి మూయడానికి బిగించే లోహపు బందు
త్రాసు : తక్కెడ
స్థూలంగా : సుమారుగా

ప్రశ్నలు

1. ధరకు, విలువకు గల భేదాన్ని పాఠం ఆధారంగా వివరించండి.
2. వాడిన ల్యాప్‌టాప్‌ను కొనేటప్పుడు పరీక్షించవలసిన అంశాలేవి?
3. మీ ఇంట్లో ఇటీవల కొన్న ఒక వస్తువుకు నెలకు ఎంత ఖర్చు పడిందో లెక్కించి, ఒక పేరా రాయండి.